ఎవరి పళ్లెం వాళ్లకి

ఆఫ్రికా పడమటి తీరాన సెయింట్ లూయీలో నది ఒడ్డున ఫ్రెంచి పద్ధతిలో వడ్డించే హోటలొకటి ఉంది. మొన్న మధ్యాహ్నం నా పక్క బల్ల దగ్గర పడవలు కట్టే మేస్త్రీ, చేపలమ్మే యాసిన్ అనే ఆవిడ ఎదురెదురుగా కూర్చున్నారు. ఇద్దరూ నడివయసులో జోడు పోగొట్టుకున్నవాళ్లే.

“ఇదేంటి మేస్త్రీ, నీ పళ్లెం నీకు, నా పళ్లెం నాకూనా? మనమేమన్నా పోట్లాడుకున్నామా?”

“ఇక్కడింతే. ఆ ఫోర్కు ఎడంచేత్తో పట్టుకోవాలంట.”

“ఎడంచేత్తో తింటే మా అమ్మ చెయ్యి విరగ్గొట్టేది!”

“మెల్లగా మాట్లాడు, చూస్తున్నారు.”

“ఈ చేప పొద్దున నేనమ్మిందే. వెన్న పోసి మళ్లీ నాకే పెట్టారు.”

“యాసిన్, నిన్ను పిలిచింది చేప కోసం కాదు. నన్ను పెళ్లి చేసుకుంటావా?”

ఆమె ఫోర్కుతో చేపని అటూ ఇటూ కదిపింది.

“ఏదో ఒకటి చెప్పు. వద్దన్నా ఏమీ అనుకోను.”

ఆమె ఫోర్కు పక్కన పడేసింది. తన చేపలో మెత్తటి ముక్క వేళ్లతో తుంచి అతని పళ్లెంలో పెట్టింది.

“అయ్యో, ఇక్కడ అట్లా పెట్టకూడదు!”

“మనిళ్లల్లో అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుంటారు కదా. అప్పుడు చేప తుంచి తలా ఇంత పెట్టేదెవరు?”

“ఇంకెవరు? ఆ ఇంటి ఇల్లాలు.”

“మరి తిను. ముల్లుంటుంది, చూసుకో.”