జమ్మి కట్టెల బట్టీ తెరిచింది నేనే

నా పేరు మంజమ్మ. భీమప్ప భార్యను. వయసు యాభై. ఉండేది మట్మారి. నిన్న స్టేషన్లో నా వాంగ్మూలం కన్నడలో రాసుకున్నారు. అందులో నా వృత్తి కూలి అనీ, బొగ్గు బట్టీ గాలికి పగిలిందనీ ఉంది. రెండూ నేను చెప్పిన మాటలు కావు. అందుకే ఇవాళ కలం పట్టాను. మక్తల్‌లో పదో తరగతి దాకా తెలుగులో చదివాను, తెలుగులోనే రాస్తున్నాను. మేము కురుమలం. నా వృత్తి గొర్రెల కాపరితనం. మంద అమ్మేసినా నా దగ్గర ఇంకా రెండు గొర్రెలున్నాయి.

మంద ఉన్నప్పుడు గొర్రెలు సర్కారు తుమ్మ కాయలు తినేవి. పడుకున్న చోట పెంటలో ఆ గింజలు తొలకరికి మొలిచేవి. వేలెడు ఉండగానే వాటిని పీకడం మా ఆడవాళ్ళ పని. మంద పోయాక ఆ పని మానేశాం. గొర్రెలతోనే ముళ్ళూ పోతాయనుకున్నాం. గింజలు మట్టిలోనే ఉన్నాయి. ఇప్పుడు ఊరి మేత భూమి, గైరాను నిండా తుమ్మే. మేతకు గడ్డి పరక లేదు.

మా మరిది శరణప్ప ఆ తుమ్మ నరికి బొగ్గు కాలుస్తున్నాడు. దానికి నేను అడ్డు చెప్పలేదు. పోయిన గురువారం మాత్రం గైరానులో ఉన్న రెండు జమ్మి చెట్లలో ఒకదాన్ని మొదలంటా కొట్టి బట్టీలో పేర్చాడు. మధ్యాహ్నం మంద పడుకునేది ఆ నీడలోనే. మేతకు కొమ్మలు కొట్టినా తల కొమ్మను మా వాళ్ళెవరూ ముట్టలేదు. దసరాకు మా కులదేవుడు బీరప్పకు పెట్టేది ఆ ఆకే.

ఆదివారం పొద్దున అతణ్ణి అడిగాను.

“శరణప్పా, జమ్మిని ఎట్ల కొడితివి?”

“గొర్రెలు లేని నీడ ఎవ్వనికి వదినె? నువ్వు పోయి కూసుంటవా?”

“కూసుంట. రెండోదాన్ని ముట్టకు.”

“ఈ బట్టీ దిగినంక దాని వంతే. నీ బీరప్పకు చెప్పుకో, వచ్చి ఆపుతడేమో.”

సోమవారం పూజ చేసుకుని, గడ్డపార, రెండు బిందెల నీళ్ళు తీసుకుని వెళ్ళాను. బట్టీ మీద మట్టి మెత్తి ఉంది. గాలి చొరబడితే లోపలి బొగ్గంతా మండి బూడిదవుతుందని నాకు తెలుసు. తెలిసే నాలుగు వైపులా తెరిచాను. ఆ పొద్దున ఆకు కూడా కదల్లేదు. నిప్పు బయటికి పాకకుండా చుట్టూ నీళ్ళు చల్లి, శరణప్ప వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.

మా గొడవ స్టేషన్ దాకా వెళ్ళింది. అక్కడ హెడ్ కానిస్టేబుల్ రామదాసు గారు అన్నారు: “గాలికి పగిలిందని రాసినం. నీకూ మరిదికీ కేసు లేదు. ఇంటికి పో అమ్మా.”

“గాలి అని రాస్తే జమ్మి మాట రాయరు గద సార్?”

“మంచి వకీలే దొరికింది మాకు,” అని ఆయన నవ్వారు.

నేను నవ్వలేదు. తప్పు గాలిదైతే గైరాను చెట్టు ఎవరు కొట్టారని ఎవరూ అడగరు. తప్పు నాదైతే ఎందుకు చేశావని అడగాలి. అడగండి. క్షమాపణ మాత్రం రాయను.

ఎవరూ చెప్పకుండా, ఎవరికీ భయపడకుండా, బీరప్పను తలుచుకుని నా చేత్తో రాసిన నిజం ఇది. ఈ కాగితాలను ఫైల్లో భద్రంగా ఉంచండి. శరణప్ప కూతురు రక్షితకు చూపకండి. దాని ఉయ్యాల కట్టింది ఆ చెట్టుకే. కొట్టింది వాళ్ళ నాన్నే అని దానికింకా తెలియదు.

రెండో జమ్మి మీద గొడ్డలి పడితే ఆ బట్టీ కూడా తెరుస్తాను. అప్పుడు ఎవరు చేశారని వెతకక్కర్లేదు. ఈ కాగితమే తీసి చూడండి.

సంతకం: మంజమ్మ, గొర్రెల కాపరి