రాడ్‌ను ముట్టిన చెయ్యి

ఆస్ట్రేలియాలోని బెర్మగుయ్ రేవుకి ఒక చిన్న పడవ తిరిగొస్తోంది. నడుపుతున్నది భార్య. తడిసి ముద్దయిన భర్త తను పట్టిన కింగ్‌ఫిష్ పక్కనే కూర్చున్నాడు. సన్న దారంతో చేపలు పట్టే క్లబ్బు పోటీలో ఇద్దరూ ఎవరికి వారుగా ఉన్నారు; ఆమె కూడా ఒక చేప పట్టింది.

“చేప లాగుతుంటే నేను నీళ్ళలో పడ్డాను కదా, నన్ను దేన్ని పట్టుకుని పైకి లాగావు?”

“నీ గాలం రాడ్‌ని.”

“ఎంత పని చేశావే! చేప తగిలాక వేరేవాళ్ళ వేలు రాడ్‌కి తగిలినా ఆ చేప లెక్కలోకి రాదు!”

“నువ్వు మునిగిపోయావు. పైకి రాడ్ ఒక్కటే కనిపించింది. దాన్ని వదిలేసి ఈదొచ్చుగా?”

“పోటీలో రాడ్ ఎవడైనా వదులుతాడా? జుట్టు పట్టుకుని లాగాల్సింది.”

“ఉంటేగా!”

“సరే, అయిందేదో అయింది. జడ్జికి మాత్రం చెప్పకు.”

“పోయినేడు ఇదే పోటీలో లూసిండా మొగుడు గుండెనొప్పితో కూలబడితే, ఆమె అతని రాడ్ పట్టుకుందని గోల చేసి వాళ్ళ చేపని తీసేయించింది ఎవరు?”

“అది వేరే సంగతి. వాళ్ళ చేప నాదానికన్నా పెద్దది.”

“ఇవాళ నాదానికన్నా నీదే పెద్దది మరి.”

“అంటే... నాది తీసేస్తే కప్పు నీకా?”

“నాకే.”

“నిజం చెప్పు. రాడ్ పట్టుకుంది నన్ను కాపాడ్డానికా, కప్పు కొట్టెయ్యడానికా?”

“నిన్ను కాపాడ్డానికే. కప్పుతో నాకు ఫోటో తియ్యడానికి ఎవరో ఒకరుండాలి కదా!”