వంటింట్లో రెండో ఫోను

పిడుగురాళ్లలో క్వారీ యజమాని గుండెపోటు వచ్చి మంచం మీద ఉన్నాడు. ఆయన భార్య లైన్‌మన్‌ని పిలిచి వంటింట్లో రెండో ఫోను పెట్టిస్తోంది.

"ఆయన గదిలో గంట మోగకుండా చెయ్యి బాబూ. ఫోన్లన్నీ నేనే ఎత్తాల."

"ఆపానమ్మా. కానీ లైను ఒకటే. ఇక్కడ మాట్లాడేది అక్కడ ఫోను ఎత్తితే వినపడుద్ది. ఇక్కడ గంట మోగినా ఆ గదిలోకి వినపడుద్ది. ఇంతకీ సంగతేంది?"

"నిన్న రాళ్లు విరిగిపడి రసూల్‌ని ఆసుపత్రిలో చేర్చారు. చిన్నప్పటి నుంచి ఈయన దగ్గరే పని నేర్చుకున్నోడు. ఆ మాట ఈయన చెవిన పడకూడదన్నాడు డాక్టరు."

"ఎన్నాళ్లు దాస్తారమ్మా?"

"వాడు లేచి తిరిగేదాకా."

అంతలో కొత్త ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి క్వారీ మేస్త్రీ. ఆమె విన్నది, గోడకు ఆనుకుంది.

"ఏమైందమ్మా?"

"పోయాడంట."

మేస్త్రీ ఫోను పెట్టేశాడు. రిసీవర్ ఇంకా ఆమె చెవి దగ్గరే ఉంది. అందులో నుంచి భర్త గొంతు నెమ్మదిగా వినిపించింది.

"వాళ్లమ్మ దగ్గర ఎవరున్నారే? బండి పిలిపించు. నేను పోవాల."