సూరయ్య మావ థర్మాకోల్ పెట్టె

తుఫాను వెళ్లిపోయింది గానీ పాతపట్నంలో కరెంటు ఇంకా రాలేదు. మా అమ్మ ఇన్సులిన్ సీసాలు ఆగిపోయిన ఫ్రిజ్‌లో ఉన్నాయి. మందుల దుకాణాల ఫ్రిజ్‌లదీ అదే గతి. కొత్త సరుకు రావాలంటే ముందు రోడ్డు మీద పడ్డ చెట్లు తీయాలి. ఎండ మాత్రం ఏమీ జరగనట్టు కాస్తోంది. చేపల బండివాణ్ణి బతిమాలి ఒక మంచుగడ్డ సంపాదించి, ఊక వేసి గోనెలో చుట్టి, సీసాలు తడిగుడ్డలో పట్టుకుని, పిండిమర సూరయ్య మావ అరుగు ఎక్కాను. ఫ్రిజ్ కొన్నప్పుడు వచ్చిన థర్మాకోల్‌తో ఆయన ఒక పెట్టె చేశాడని, అందులో మంచు నిలుస్తుందని మా వీధిలో అందరికీ తెలుసు. కరెంటు లేక ఆయన మర ఆగింది. నోటికి కరెంటుతో పని లేదు. ఎదురుగా టీ గ్లాసుతో ఆటో జగన్నాధం కూర్చున్నాడు.

“మావా, నీ పెట్టె బేగి ఇయ్యి. మంచు కరిగిపోతన్నాది.”

“కూకో యమునా, కూకో. పెట్టె ఎక్కడికి పోతాది? అది ఎలాటి పెట్టో తెలీకుండా పట్టుకెళిపోతే ఎలగ? ఫ్రిజ్జు కొన్నోళ్లందరూ ఏటి చేస్తారు, ఆ తెల్లముక్కలు కాలవలో పారేస్తారు, లేదంటే తగలెట్టి వీధంతా కంపు చేస్తారు. నాను అలగ కాదు. ముక్కకి ముక్క ఆనించి, సందుల్లో టేపేసి, పైన గోనె కుట్టి, మూత బిగించీశాను. మొదటిసారి తవ్వెడు మంచు పెట్టాను. మర్నాడు పొద్దున్న సూస్తే సగం అలగే ఉన్నాది.”

“నాకదే చాలు మావా. రేపటిదాకా నిలిస్తే చాలు.”

“చాలేటే! అది మొదటిసారి. రెండోసారి ఏటైందో తెలుసా? తవ్వెడు పెట్టి మూత తీద్దును గదా, కుంచెడు ఉన్నాది!”

“మంచు పిల్లలెట్టిందేటి బావా?” అన్నాడు జగన్నాధం.

“నవ్వకొరే. ఆ పెట్టెలో ఏదెట్టినా తగ్గడం ఉండదు. మాగిన మామిడిపండు పెట్టాను. మర్నాటికి గట్టిపడిపోయి పచ్చికాయైపోయింది. ఏటిదని మళ్ళీ మూతేశాను. ఆ మర్నాటికి పిందె. ఇంకొక్కరోజు ఉంచానా, మీ అత్త మీదొట్టు యమునా, గుప్పెడు పూత మిగిలింది!”

గోనె అడుగున నీరు ఊరి అరుగు మీద సన్నగా పారింది. నేను సీసాల గుడ్డ తడిమి చూశాను. వెచ్చబడుతోంది.

“మావా, పెట్టె ఎక్కడుందో సెప్పు, నేనే తెచ్చుకుంటాను.”

“ఆ పెట్టె మీద అందరూ చెయ్యెయ్యకూడదమ్మా, దానికో పద్ధతున్నాది. ఆ తర్వాతేటైందో విను. ఓరోజు గోపాలపురం నుంచి చేప తెచ్చాను. ఎంత చేప! నా మోచెయ్యంత. సచ్చి ఎన్నాళ్ళైందో దాని కళ్ళే సెప్తన్నాయి. పెట్టెలో పెట్టీసి, పెళ్ళికెళ్ళి మర్సిపోయాను. తిరిగొచ్చి మూత తీస్తే తోక కొట్టుకుంటన్నాది! తలెత్తి నన్ను సూసి, సముద్రం ఎటని అడిగిందిరా.”

“చేప అడిగిందా?” అన్నాడు జగన్నాధం.

“అడిగింది గానీ ఒడియాలో అడిగింది. ఒడిశా చేప కదేటి, దానికి మన మాటెలగొస్తాది?”

జగన్నాధం టీ మింగలేక దగ్గాడు. నాకు నవ్వు రాలేదు. రేపు పొద్దున్న అమ్మకి మందు ఇవ్వాలి. నీరు అరుగు చివర దాటి మెట్టు మీదికి జారింది.

“మావా, నీకు దణ్ణం పెడతాను. పెట్టె.”

“అయిపోయిందే, ఇదొక్కటీ విను. మొన్న వేసవిలో దాని మూత వెయ్యడం మర్సిపోయి పడుకున్నాను. తెల్లారి లేస్తే వీధి వీధంతా వణికిపోతన్నాది! గేదెని పితికితే పాలకి బదులు ఐస్‌క్రీమ్ పడింది. మా మరలో పిండికి బదులు మంచు రాలింది. అక్కడితో ఆగిందేటి? ఆ గాలి అలగలగ శ్రీకాకుళం దాకా ఎలిపోయి, అరసవల్లి సామి గొంగళి కప్పుకుని, ఆరోజు పొద్దు గంట ఆలస్యంగా పొడిసింది. కావాలంటే అక్కడి పూజార్లని అడుగు!”

ఇంట్లోంచి ఆయన భార్య లక్ష్మణమ్మ గొంతు వినిపించింది.

“ఇంకా సెప్పలేదేటి ఆ పిల్లకి?”

మావ తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. నేను ఇంక అడగలేదు. లోపలికి నడిచి, పెరటి వసారాలో గోనె కుట్టిన పెట్టె చూశాను. మూత వారగా తీసి ఉంది. చెయ్యి పెట్టబోతే ఎవరో సూదితో పొడిచినట్టయింది.

“మావా!” అని అక్కణ్ణించే అరిచాను. “నీ మంచు పెట్టెలో కోడి పొదుగుతన్నాది!”

అరుగు మీద జగన్నాధం గ్లాసు కింద పడింది.

“తుఫాను చలికి గుడ్లు పాడైపోతన్నాయని నేనే పెట్టానమ్మా,” అంది లక్ష్మణమ్మ. “అందులో వెచ్చగా ఉంటాది. పెట్టెకి ఎవరొచ్చినా సెప్పమని ఆయనకి ముందే సెప్పాను.”

నేను కోడిని రెక్కలు పట్టి ఎత్తి, గుడ్లు కొంగులో వేసుకుని, పెట్టె చంకన ఇరికించుకుని అరుగు మీదికి వచ్చాను. కోడిని మావ చేతుల్లో పెట్టాను. గుడ్లు ఆయన తువ్వాల్లోకి దింపాను. పెట్టె తుడిచి, మంచు అడుగున పేర్చి, దానికి ఆనకుండా గుడ్డ మడతేసి సీసాలు పైన పెట్టాను. తెచ్చిన గడ్డలో అప్పటికి కరగ్గా సగమే మిగిలింది.

“రేపటిదాకా ఉంటాదా?”

“మూత మాటిమాటికీ తియ్యకపోతే...” మావ నేల చూస్తూ అన్నాడు, “ఉంటాది.”

మూత బిగించి మెట్టు దిగాను.

“ఒసే యమునా! మరి ఈ గుడ్లేటి చెయ్యనే?”

“వొళ్ళో పెట్టుకుని ఇంకో కథ మొదలెట్టు మావా. ఆ వేడికి సాయంత్రానికల్లా పిల్లలు దిగిపోతాయి.”