అన్నం బొమ్మ మీది పల్లీలు

ఏన్కూరు దాటాక అడవి అంచున ఒక గూడెం. అంగన్‌వాడీ గదిలో సమావేశం ముగిసి ఆడవాళ్ళందరూ వెళ్ళిపోయారు. ఖమ్మం నుంచి వచ్చిన పోషకాహార సలహాదారు జయప్రకాశ్, టీచర్ వనజ మాత్రం నేల మీద పరిచిన నాలుగు బొమ్మల ముందు మిగిలారు.

"మళ్ళీ లెక్కపెట్టు వనజా."

"రెండుసార్లు పెట్టిన సార్. యాభై నాలుగే."

"యాభై నాలుగేమిటి? వచ్చింది ఇరవై నలుగురు. మనిషికి ఐదు పల్లీలిచ్చి, పిల్లల బలానికి ఏది మంచిదనుకుంటే ఆ బొమ్మ మీద పెట్టమన్నాం. నూట ఇరవై ఉండాలి. అరవై ఆరు ఎటు పోయాయి?"

"ఏమో సార్."

"సరే, ఉన్నవే రాద్దాం. మైకు బొమ్మ, అంటే అవగాహన సదస్సులు?"

"ఇరవై నాలుగు."

"చూశావా! పెరటి ఆకుకూరలు?"

"పద్దెనిమిది."

"పొడి ప్యాకెట్లు?"

"పన్నెండు సార్."

"అన్నం గిన్నె? సాయంత్రం పూట కూడా పిల్లలకు ఇక్కడే అన్నం పెట్టడం?"

"ఇప్పుడున్నది చూసి రాయకుండ్రి సార్."

"ఎన్నమ్మా?"

"ఇప్పుడైతే... లేవు."

"సున్నా. అంటే ఈ ఊరికి అన్నం అక్కర్లేదు. కొత్త విషయమే. రాసుకోవాలి."

"అక్కర్లేకపోవుడేంది సార్! దాని మీదనే కుప్ప ఉండె. నా కండ్లతోటి చూసిన. మైకు మీద తలా ఒక్కటి పెట్టి, మిగిలినయి ఎక్కువ గిన్నె మీదనే పెట్టిండ్రు."

"మైకు మీద తలా ఒక్కటి ఎందుకు పెట్టారు మరి?"

"మీరు గంటసేపు దాని గురించే చెప్పిండ్రు గద సార్. మర్యాదకు."

"మర్యాదకు ఓటేస్తారా ఎవరైనా?"

"మా దగ్గర ఏస్తరు సార్."

"చూడు వనజా, నాకు ఆధారం కావాలి. కుప్ప ఉండె అంటే నడవదు. ఏ ఊరు ఏది ఎంచుకుంటే ఏడాదంతా అదే. నాలుగింటికి నివేదిక పోవాలి."

"సార్, ఒక్క మాట. తల్లులు తెల్లారకముందే ఆటోలెక్కి వైరా దిక్కు మిర్చి ఏరబోతరు. మళ్ళొచ్చేసరికి పిల్లలు పండుకుంటరు. పగటీలి నేను పెట్టిన బువ్వనే వాళ్ళకు ఆ దినానికి. ఇయ్యాల కూలి ఇడిచిపెట్టి ఇంతమంది వచ్చిండ్రంటే ఆ గిన్నె కోసమే సార్."

"నాకూ జాలి ఉందమ్మా. కానీ జాలికి మా ఫారంలో గడి లేదు. కుప్ప ఉంటే ఏమైంది?"

"ఏమో... ఎలుకలు గిట్ల..."

"పట్టపగలు ఎలుకలా? నేను ఆ అన్నం బొమ్మ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎలుక వస్తే నాకు కనపడదా?"

"కనపడాలె సార్."

"మరి?"

"కోళ్ళేమో సార్."

"తలుపు వేయించింది నేనే కదా, ఫొటోలో కోళ్ళు పడకూడదని."

"అవ్ సార్. మీరే ఏయించిండ్రు."

"ఫొటో ముందే తీయాల్సింది. ప్రసంగం అయ్యాక తీద్దాంలే అనుకున్నా. సరే. ఎలుకలు కాదు, కోళ్ళు కాదు. పిల్లలు."

"పిల్లలు కాదు సార్."

"అంత గట్టిగా ఎలా చెప్తావు? పిల్లలన్నాక పల్లీ కనపడితే ఊరుకుంటారా?"

"ఇవి కొత్త పల్లీలు సార్. ఊళ్ళె దొరికేటివే వాడాలని మీరన్నరని, చిన్నక్కవ్వ పండుగకు దాసుకున్నయి తెచ్చిచ్చింది. లెక్కకే గద, మళ్ళ తీస్కపోతనన్నది. మంగళారం కొత్తల పండుగ. కొత్త పంట ఊరి అమ్మోరికి పెట్టకముందు ఎవ్వరు నోట్లె ఏసుకోరు. పిల్లలు సుత."

"ఆగు ఆగు. ఇంట్లో పల్లీలు పెట్టుకుని పిల్లలకు పెట్టరా? ఎంత బలమైన ఆహారం! చూశావా, ఇందుకే అవగాహన కావాలనేది."

"మంగళారం నుంచి తింటరు సార్. నాలుగు దినాలే."

"నాలుగు రోజులైనా నష్టం నష్టమే. పోనీ, పిల్లలు తినే ఉంటే? అడక్కుండా తీసుకున్నట్టు. అదీ ప్రవర్తన లోపం. దానికీ అవగాహనే."

"తింటే అవగాహన, తినకుంటే అవగాహననా సార్?"

"అదేనమ్మా ఈ వ్యూహంలో ఉన్న గొప్ప. ఎక్కడైనా సరిపోతుంది."

"కడుపుకు సరిపోతదా సార్?"

"ఏమన్నావు?"

"ఏం లేదు సార్."

"నీకు తెలుసు వనజా. ఎవరు తిన్నారో నీకు తెలుసు. ముఖం చూస్తే తెలుస్తోంది."

"చెప్పొద్దు సార్."

"నేనంటే భయమా?"

"భయం గాదు సార్. ఇంటికొచ్చిన మనిషి ముందల చెప్పొద్దు."

"నేను పరాయివాణ్ణా? చెప్పు. ఎవరి పిల్లాడు?"

"జల్దీ జల్దీ రాయకుండ్రి సార్. జర బువ్వ తిన్నంక రాయుండ్రి. పప్పు, గుడ్డు ఉన్నయి."

"వద్దమ్మా. ఎందుకో ఇవాళ ఆకలే లేదు. కడుపు నిండుగా ఉంది."

"అవ్ సార్. ఉంటది."

"కిటికీ దగ్గర సిగ్నల్ వచ్చింది. 'గ్రామం ఎంచుకున్న వ్యూహం: అవగాహన సదస్సులు.' నొక్కేస్తున్నా. ఇదిగో, పోయింది. ఒకసారి పోతే మార్చడానికి వీల్లేదు. రెండో పేజీ ఒక్కటి మిగిలింది."

"పోయిందా సార్? ఏడాది..."

"ఎవరో తలుపు కొడుతున్నారు చూడు."

"రా అవ్వా. సార్, పల్లీలిచ్చిన చిన్నక్కవ్వ."

"మిగిలినయి తీస్కపోదామని వచ్చిన బిడ్డా."

"అరవై ఆరు తక్కువున్నాయమ్మా. నేను స్వయంగా లెక్క తేల్చాను. ఏమీ అనుకోకు."

"నేనేమనుకుంటనయ్యా? పూజారి దూలయ్యకు చెప్పొచ్చిన. కొత్తలకు ముందు తింటే మా గూడెంల కట్టుబాటు ఉన్నది గద."

"కట్టుబాటా? ఏమిటది?"

"తిన్నోళ్ళు ఊరి పిల్లలందరికి బువ్వ పెట్టాలె. గింజకొక పూట."

"గింజకొక పూట! బ్రహ్మాండం! విన్నావా వనజా? ఇలాంటివే మాకు కావాల్సింది. రెండో పేజీలో 'స్థానిక మంచి పద్ధతులు' అని గడి ఉంటుంది, ఏ ఊళ్ళోనూ నిండదు."

"సార్, జర ఆగుండ్రి సార్."

"ఆగకూడదు, సిగ్నల్ పోతుంది. 'గింజకొక పూట. తిన్నవారు ఎంతటివారైనా మినహాయింపు లేదు. ఈ కట్టుబాటును అధికారులు కూడా గౌరవించి అమలు చేయాలి.' కింద నా పేరు. ఎలా ఉంది?"

"మంచిగుంది సార్. గానీ ఆగుండ్రి."

"పోయింది! అదీ పోయింది. పాపం, అరవై ఆరు పూటలంటే రెండు నెలల పైమాటే. ఏ ఇంటివాళ్ళో గానీ తట్టుకుంటారా అవ్వా?"

"తట్టుకుంటరయ్యా. ఉన్నోళ్ళే. ఖమ్మంల నీ ఇల్లు ఏడ?"

"నా ఇల్లా? నా ఇల్లెందుకు?"

"బియ్యం ఆటో ఆడికెల్లి రావాలె గద. ముచ్చట చెప్పుకుంట చెప్పుకుంట అన్నం బొమ్మ మీదియి ఒక్కొక్కటి నోట్లె ఏసుకుంటివి. చదువుకున్న మనిషివి, ఎట్ల చెప్పుడని ఇరవై నలుగురం చూస్కుంట కూసున్నం. ఇయ్యాల పొద్దుగూకేసరికి పిల్లలకు ఏం వండమంటవు బిడ్డా?"