నొప్పి పోయిన మధ్యాహ్నం

"పోయిన వారం నేను చెప్పినవే చేశారా?"

"అవే చేశాను మేడం."

"అవేనా?"

"అవే. బోర్లా పడుకుని ఊపిరి తీసుకోవడం, పిల్లిలాగా నడుం పైకీ కిందకీ ఆడించడం, గోడకానుకుని నిలబడ్డం. ఒక్కటి కూడా ఎక్కువ చెయ్యలేదు."

"ఎక్కువ చేశారని నేనన్లేదే."

భవానీపురంలో మీరావలి ఇంటి ముందుగది. టోకు బట్టల కొట్టులో పరుపు మీద కూర్చుని చీరలు చూపించే మీరావలి, మూట ఎత్తబోయి నడుం పాడుచేసుకున్నాడు. డాక్టరు పంపగా వారం వారం వచ్చి యోగా చేయిస్తున్న నాగవేణికి, ఇవాళ ఆయన నవ్వుతూ ఎదురురావడం ఎందుకో నచ్చలేదు.

"నొప్పెలా ఉంది?"

"లేదు."

"తగ్గిందా?"

"తగ్గడం కాదు మేడం, లేదు. మొన్న మధ్యాహ్నం నుంచి అసలు లేదు. అంతా మీ చేతి చలవ."

"రాత్రిళ్ళు కన్ను మూయనివ్వని నొప్పి, ఒక్క మధ్యాహ్నంలో పోయిందా?"

"పోయింది. కావాలంటే మా అన్వరీని అడగండి."

"నిజమేనమ్మా. చక్కగా లేచి తిరుగుతున్నారు. లుంగీ కూడా ఆయనే ఉతుక్కుంటున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఏనాడూ చొక్కా తడపని మనిషి, తెల్లారకుండానే లేచి..."

"అన్వరీ, మేడంకి టీ పెట్టు."

"ఇప్పుడే తాగారుగా."

"ఇంకోటి పెట్టు."

"లుంగీ మీరెందుకు ఉతుకుతున్నారు మీరావలి గారూ?"

"మాసింది, ఉతికాను. మాస్తే ఉతుక్కోరా? అది వదిలెయ్యండి. మీరు నాకో సాయం చెయ్యాలి మేడం. మా షావుకారు సాంబమూర్తి గారికి ఒక్క ఫోన్. మీరావలి మళ్ళీ పరుపు మీద కూచోగలడు అని చెప్పండి. మీరు చెప్తేనే నమ్ముతానన్నాడు."

"తొందరేముంది?"

"శ్రావణమాసం వచ్చేస్తోంది మేడం! నా చోట్లో ఇంకోణ్ణి కూచోబెట్టాడు. వాడికి చీర విప్పడం రాదు, దుప్పటి దులిపినట్టు దులుపుతాడు. అయినా సరే, ఈ శ్రావణం వాడు లాక్కొచ్చాడంటే ఇక నాకక్కడ చోటుండదు. ఆ పరుపు తప్ప నాకింకో పని తెలీదు."

"మొన్న మధ్యాహ్నం ఏం చేశారు?"

"ఏం చెయ్యలేదు."

"మొన్నేగా షబ్బీర్ వచ్చింది..."

"నువ్వింకా టీ పెట్టలేదా?"

"షబ్బీర్ ఎవరు అన్వరీ గారూ?"

"మా తమ్ముడమ్మా. పామర్రులో ఉంటాడు. బావని చూసిపోదామని వచ్చి, ఫోన్లో ఏదో యోగా వీడియో పెట్టి..."

"చూశాం. చూడ్డం కూడా తప్పేనా?"

"కాళ్ళు చాపుకుని కూచుని, ముందుకు వంగి బొటనవేళ్ళు పట్టుకునే ఆసనం. అదేనా?"

"ఆయనెవరో తెల్లగడ్డం ముసలాయన మేడం. ఎంత సులువుగా వంగాడో."

"ఆయన నడుంలో డిస్క్ జారలేదు. మీకు జారింది. ముందుకు వంగొద్దని మొదటిరోజే చెప్పానా, లేదా?"

"చెప్పారు, కాదన్లేదు. కానీ చీర పరవాలంటే వంగాలిగా. అలవాటు చేసుకుంటే..."

"వంగారా?"

"కొంచెం. వేళ్ళు అందలేదు."

"అందకపోతే?"

"షబ్బీర్ వీపు మీద చెయ్యేశాడు."

"నొక్కాడా?"

"నొక్కడమేంటి మేడం, ఊరికే సాయం పట్టాడు."

"రెండు చేతులేసి నొక్కాడమ్మా. ఈయన పెట్టిన కేకకి వంటింట్లో నా చేతిలో గిన్నె జారిపడింది."

"టక్ మంది మేడం. డిస్క్ తన చోట్లో తను కూచుంది. ఆ ఒక్క కేకతో సరి. సాయంత్రానికల్లా నొప్పి లేదు."

"డాక్టరు గారికి చెప్పారా?"

"నొప్పే లేకపోతే డాక్టరేం చూస్తాడు?"

"నడుస్తుంటే కాళ్ళు తేడాగా లేవూ?"

"లేవు."

"మరి కాలిచెప్పు సంగతి చెప్పరేం?"

"చెప్పేముంది అన్వరీ, మసీదు దగ్గర ఎవరో ఎత్తుకెళ్ళారు."

"ఒక్క చెప్పు ఎవరెత్తుకెళ్తారండీ? సందు మొదట్లో పడుంటే పక్కింటి తెరేసమ్మ తెచ్చిచ్చింది. చూడమ్మా, చెప్పు జారిపోయినా చూసుకోకుండా ఒట్టికాలితో ఇంటిదాకా వచ్చేశారు."

"ధ్యాసలో లేను."

"మీరావలి గారూ, సిగ్గుపడకుండా చెప్పండి. మూత్రం వస్తున్నట్టు మీకు తెలుస్తోందా?"

"మేడం! ఇది మీరడగాల్సిన మాటేనా?"

"తెలుస్తోందా, లేదా?"

"అన్వరీ, నువ్వు కాస్త లోపలికెళ్ళు."

"లుంగీ అందుకేనా?"

"నిద్రలో. ఒక్కసారి."

"నిన్నా ఉతికారు, ఇవాళా ఉతికారు."

"అన్వరీ! నోరు మూసుకుంటావా లేదా?"

"ఆవిడ మీద అరవకండి. మెల్లగా వెల్లకిలా పడుకోండి. నడుం తిప్పకుండా. ఆఁ, అలా."

"ఇదేం ఆసనం?"

"శవాసనం. కదలకండి. కళ్ళు మూసుకోండి."

"షావుకారుకి ఫోన్ చేస్తారుగా?"

"మీ కాలివేలు పట్టుకుంటాను. ఏ వేలో చెప్పండి. సరిగ్గా చెప్తే ఇక్కణ్ణుంచే చేస్తాను."

"మాట తప్పరుగా?"

"తప్పను."

"ఇంత చిన్న పరీక్షకేనా మేడం, అంత భయపెట్టారు! కానివ్వండి."

"కళ్ళు తెరవకండి."

"మూసే ఉన్నాను. చూడు అన్వరీ, ఈ శ్రావణం నా పరుపు మీదే నేను."

"అమ్మా, అదేంటమ్మా, మీరలా..."

"మీరు మాట్లాడకండి. ఫోన్ తియ్యండి."

"ఎవరికమ్మా?"

"108కి. ఇప్పుడే, వెంటనే రమ్మనండి. ఈయన్ని కూచోబెట్టకూడదు, అది కూడా చెప్పండి."

"యా అల్లా..."

"108 దేనికి? అన్వరీ, ఎందుకే ఏడుస్తావ్? మేడం, మీరు ముందు వేలు పట్టుకోండి, ఏదో నేను చెప్తాను."