మగ్గం ముందు ఖాళీ చోటు

ఆండ్‌ఖోయ్ ఊళ్లో ఒక తల్లి తివాచీ మగ్గం ముందు ఒక్కతే కూర్చుంది. పిల్లల్ని బడిలో చేర్పించే సంస్థ పంపిన టీచరు గుమ్మంలో ఆగింది.

"చిన్నదాన్ని బడికి పంపు, అక్కా. నెలనెలా పిండి మేమిస్తాం."

"పిండి లేకపోయినా తీసుకుపో టీచరమ్మా. పనికి పెద్దది ఉందిగా."

"జెరెనా? చలికాలంలో దాన్ని మట్టిచేసినప్పుడు నేనూ వచ్చానక్కా."

"నేను రంగు చెబితే ముడి వేసి 'వేశానమ్మా' అని ఇప్పటికీ పలుకుతుంది. ఇంత సన్నటి ముడులు నా మొద్దు వేళ్లకు వస్తాయా, నువ్వే చూడు."

టీచరు ముడుల వైపు చూసి తల తిప్పుకుంది.

"మరి చిన్నదాన్ని ఎందుకు పంపేస్తున్నావు?"

"చెల్లిని తన పక్కన కూర్చోబెట్టమంటోంది. తొందరగా తీసుకుపో."

చిన్నది పరుగున వచ్చి టీచరు చెయ్యి పట్టుకుంది. తల్లి మగ్గం వైపు తిరిగింది.

"ఎరుపు."

చిన్నది పెదవి కదపలేదు.

"వేశానమ్మా."